ముప్పై వెండి నాణేలకి ముందు ఒక సంచి ఉంది

ప్రశ్న:

అన్నా, వందనాలు. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు, నాకు 34 ఏళ్ళు. ఏడేళ్ళ నుంచి మా సంఘంలో కానుకల లెక్క నేనే చూస్తున్నా. చిన్నప్పుడే మా నాన్న పోతే నన్ను చదివించింది, దగ్గరుండి పెళ్ళి చేసింది మా పాస్టరు అయ్యగారే. రెండేళ్ళ క్రితం చెరువు లీజుకి తీసుకుని వనామీ రొయ్యలు వేసాను, వైట్ స్పాట్ రోగం వచ్చి మొత్తం పోయింది, మేత డీలర్‌కి బాకీ ఉండిపోయింది. అప్పట్నుంచి కానుకల్లోంచి కొంచెం కొంచెం వాడుకున్నా, సర్దేద్దాం అనుకుంటూనే ఇప్పుడది 62 వేలు అయింది. మా చర్చి పక్కన రోడ్డు మొహాన 11 సెంట్ల ఖాళీ స్థలం ఉంది. ఒకాయన దాని మీద కన్నేసి, సంఘం అమ్మడానికి ఒప్పుకున్నట్టు ఒక తీర్మానం కాగితం రాసుకొచ్చి, ట్రెజరర్‌గా సంతకం పెడితే 3 లక్షలు ఇస్తానన్నాడు. 25 వేలు అడ్వాన్స్ తీసేసుకున్నా, సంతకం ఇంకా పెట్టలేదు. పోయిన ఆదివారం అయ్యగారు యేసుని అమ్మేసిన శిష్యుడు యూదా గురించి వాక్యం చెప్పారు. ప్రభువు బల్ల దగ్గరికి రొట్టె తీసుకోడానికి వెళ్ళలేక బయటికొచ్చేసా. రాత్రిళ్ళు నిద్ర పట్టక కాలవ గట్టు మీద కూర్చుంటే ఏవేవో పిచ్చి ఆలోచనలు వస్తున్నాయి. నేను యూదానేనా అన్నా?

సమాధానం:

తమ్ముడూ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. యూదా సంగతి తర్వాత, ముందు ఆ కాలవ గట్టు సంగతి చెప్పు. రాత్రిపూట ఒంటరిగా అటు వెళ్ళకు. ఇది బతిమాలుకుని చెప్తున్నా. నీ భార్యకి ఇవాళే చెప్పు, డబ్బు సంగతి మొత్తం చెప్పడానికి నోరు రాకపోతే కనీసం "నాకు చచ్చిపోవాలనిపిస్తోంది, నన్ను ఒంటరిగా వదలకు" అన్న ఒక్క మాటైనా చెప్పు. ఏ అర్ధరాత్రైనా 14416కి ఫోన్ చెయ్యొచ్చు, టెలి మానస్ అని గవర్నమెంట్‌దే, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. మన డెల్టాలో చెరువుల అప్పులకి ఎంతమంది ఇళ్ళల్లో దీపాలు ఆరిపోయాయో నీకూ తెలుసు నాకూ తెలుసు. 62 వేలు, మేత బాకీ, 25 వేలు, ఇవన్నీ తీర్చుకోగలిగినవే. ఈ మాట ఒప్పుకున్నాకే మిగతాది చదువు.

ఇక నువ్వడిగిన దానికి వస్తా. నువ్వు యూదావి కాదు, ఎందుకంటే ఆ కాగితం మీద నీ సంతకం ఇంకా పడలేదు. కానీ అతను నడిచిన దారిలో సగం పైనే నడిచేసావు, అది నీకు తెలుసు కాబట్టే బల్ల దగ్గర కాళ్ళు కదల్లేదు. ఆ కదలకపోవడం మంచిదే తమ్ముడూ. లోపల ఏదీ కదలకుండా, చెయ్యి కూడా వణక్కుండా రొట్టె అందుకుని ఉంటే నేను నీ గురించి ఇంకా ఎక్కువ భయపడేవాణ్ణి.

మనం యూదా అనగానే ముప్పై వెండి నాణేలు, ముద్దు, తోట ఇవే చెప్పుకుంటాం, ఏదో ఒక్క రాత్రిలో అతనికి సైతాను పట్టేసి అమ్మేసినట్టు. లూకా 22లో సాతాను అతనిలో ప్రవేశించాడని ఉంది, నిజమే. కానీ సాతాను వచ్చేసరికి తలుపు తీసి ఉంది, ఆ తలుపు చాలా కాలంగా కొంచెం కొంచెంగా తెరుచుకుంటూనే ఉంది. యోహాను 12లో ఆ సంగతి దాచకుండా రాసేసాడు, "వాడు దొంగయై యుండి, తన దగ్గర డబ్బు సంచి యుండినందున అందులో వేయబడినది దొంగిలుచు వచ్చెను" అని. దొంగిలుచు వచ్చెను, ఈ మాట దగ్గర ఆగు. ఒకసారి దొంగిలించాడు అని కాదు, దొంగిలిస్తూ వచ్చాడు. నీ 62 వేలు కూడా ఒక్కరోజులో తియ్యలేదు కదా, ఒక ఆదివారం రెండు వేలు, ఇంకో ఆదివారం ఐదొందలు, కోత పండగ వేలంపాట డబ్బుల్లోంచి ఇంకొంచెం, అలాగే కదా.

మనూళ్ళలో వరిచేలకి నీళ్ళు పెట్టేవాళ్ళని అడుగు, గట్టు ఎప్పుడు తెగుతుందో. పైనుంచి నీళ్ళు పొర్లి తెగే గట్లు తక్కువ. ఎండ్రకాయ ఒక బొరియ పెడుతుంది, వేలు పట్టేంత, దాంట్లోంచి చెమ్మ దిగుతుంది, రైతు చూసి "రేపు మట్టి కొడదాంలే" అనుకుంటాడు, ఆ రేపు వచ్చేసరికి రాత్రికి రాత్రి గండి పడి చేను చేనంతా పక్కోడి పొలంలోకి వెళ్ళిపోతుంది. ఆ బొరియ దగ్గర ఒక బుట్టెడు మట్టి చాలు. గండి దగ్గర లారీలతో ఇసుక బస్తాలు తెచ్చినా చాలవు. నువ్విప్పుడు ఆ రెండిటికీ మధ్యలో ఉన్నావు.

ఆ సంచిలో డబ్బు ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించావా, యూదా సంచిలోది. లూకా 8లో ఉంది, మగ్దలేనే మరియ, హేరోదు దగ్గర గృహనిర్వాహకుడి భార్య యోహన్న, సూసన్న, ఇంకా చాలామంది ఆడవాళ్ళు తమ ఆస్తితో యేసుకీ ఆయన శిష్యులకీ ఉపచారం చేస్తూ వచ్చారు. దయ్యాలు వదిలి, రోగాలు నయమై, ఆ కృతజ్ఞతతో ఇచ్చిన డబ్బది. నీ సంచిలోది ఎవరిది? వంట చేసేప్పుడు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో పోసి, నెలాఖరుకి చర్చికి తెచ్చే ముసలమ్మలది. రొయ్యల కంపెనీలో చేతులు పాసిపోయేదాకా తలకాయలు తీసి వచ్చిన అమ్మాయిలది. మీ నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళది, ఎన్ని గంటలు కళ్ళు పొడుచుకుని అల్లితే చేతికి ఎంతొస్తుందో నాకంటే నీకే బాగా తెలుసు. ఇదంతా నిన్ను ఏడిపించడానికి రాయట్లేదు. "కానుకల్లోంచి వాడుకున్నా" అని రాసావు చూడు, ఆ మాటలో మనుషులు కనపడట్లేదు, లెక్క మాత్రమే కనపడుతోంది. దురాశ ముందు చేసే పని ఇదే, మనుషుల్ని చెరిపేసి అంకెలు మిగులుస్తుంది. నువ్వు ఒక్కొక్క పేరు గుర్తు చేసుకుని ఆ 62 వేలని మళ్ళీ మనుషులుగా చూడాలి.

ఇంకో సంగతి. బేతనియలో మరియ అచ్చ జటామాంసి అత్తరు తెచ్చి యేసు పాదాలకి పూసినప్పుడు యూదా ఏమన్నాడు, దీన్ని మూడు వందల దేనారాలకి అమ్మి బీదలకి ఇవ్వొచ్చు కదా అన్నాడు. బయటకి ఎంత మంచి మాట! అది మన సంఘాల్లో ఎవరైనా లేచి అంటే మనం ఆమెన్ అంటాం. అప్పట్లో ఒక దేనారం అంటే ఒక కూలివాడి రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట పనివాళ్ళకి ఇచ్చింది అంతే. అంటే మూడు వందల దేనారాలు దాదాపు ఏడాది కూలి. అది సంచిలో పడాల్సింది, పడలేదు. మత్తయి, మార్కు ఇద్దరూ అత్తరు సంగతి చెప్పిన వెంటనే యూదా ప్రధానయాజకుల దగ్గరికి వెళ్ళడం రాసారు. వెళ్ళి అడిగిన మొదటి మాట, "నేనాయనను మీకప్పగించినయెడల నాకేమి యిత్తురు". నాకేమిస్తారు. కొంతమంది బోధకులు యూదా రాజ్యం త్వరగా రావాలని తొందరపడ్డాడు, యేసుని ఇరుకున పెడితే రాజుగా లేస్తాడనుకున్నాడు అని చెప్తుంటారు, నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. వాక్యం అతని నోట్లో పెట్టిన మాట డబ్బు మాటే.

వాళ్ళు ముప్పై వెండి నాణేలు తూచి ఇచ్చారు. నిర్గమ 21లో ఎద్దు పొడిచి దాసుడు చనిపోతే ఆ యజమానికి కట్టాల్సింది ముప్పై తులాల వెండి, అదే ఇది. అవి ఆ రోజుల్లో దేవాలయంలో చెల్లే తూరు వెండి నాణేలు అయుంటాయని పండితులు అంటారు, ఒక్కోటి నాలుగు దేనారాల విలువ, అంటే మొత్తం 120 రోజుల కూలి. రోజుకి 600 కూలి అనుకో, 72 వేలు అవుతుంది. అత్తరు విలువలో సగం కూడా లేదు. ఒకామె ఆయన పాదాల మీద ఏడాది కూలి పోసేసింది, ఇంకొకడు ఆయన్ని నాలుగు నెలల కూలికి అమ్మేసాడు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే వాసన పీల్చారు. ఇప్పుడు నీ 62 వేలు ఆ 72 వేలకి ఎంత దగ్గరగా ఉందో చూడు. ఎక్కువ డబ్బుకే మనిషి అమ్ముడుపోతాడనుకుంటాం, కాదు, బాకీ ఎంత ఉంటే అంతకి అమ్ముడుపోతాడు.

అప్పు పాపం అని నేను అనట్లేదు, ఇది బాగా గుర్తుపెట్టుకో. చెరువులు వేసినవాళ్ళంతా దురాశపరులు అనను, వైట్ స్పాట్ వస్తే బైబిల్ చదివేవాడి చెరువులోనూ రొయ్య చచ్చిపోతుంది. నీ కష్టం నిజం. కష్టం ఎక్కడ దురాశగా మారిందంటే, సాయం అడగడానికి సిగ్గుపడి తియ్యడానికి సిగ్గుపడకపోవడం దగ్గర. అయ్యగారి దగ్గరికెళ్ళి "నేను మునిగిపోయాను" అని ఒక్క మాట అంటే నిన్ను కొడుకులా పెంచినాయన ఊరుకునేవారా? నీకది తెలుసు. అయినా అడగలేదు, ఎందుకంటే అడిగితే లెక్కలు చూస్తారు, ఇంకొక్క పంట వేసుకునే దారి మూసుకుపోతుంది. ఆ ఇంకొక్క పంట, ఆ ఇంకొక్క ఆదివారం, దాని దగ్గరే ఉంది అసలు సంగతి.

రాజులు రెండో గ్రంథం 5లో గేహజీ కూడా ఇలాగే. ఎలీషా ప్రవక్త దగ్గర పనివాడు, ఆయన వెనకే తిరిగాడు, అద్భుతాలు కళ్ళారా చూసాడు. కుష్ఠు నయమైనందుకు నయమాను ఇవ్వబోయిన వెండి బంగారం ప్రవక్త వద్దంటే గేహజీ ప్రాణం గిలగిల్లాడింది, రథం వెనక పరిగెత్తి అబద్ధం చెప్పి రెండు సంచుల వెండి, రెండు దుస్తులు తెచ్చి ఇంట్లో దాచాడు. తిరిగొచ్చాక ఎలీషా అడిగాడు, గేహజీ ఎక్కడినుంచి వస్తున్నావు అని. ఆ ప్రశ్నకి నాకు ఎప్పుడూ గుండె ఆగిపోతుంది. ఎలీషాకి తెలుసు, తెలిసీ అడిగాడు, అంటే ఒప్పుకోవడానికి చోటిచ్చాడు. గేహజీ ఏమన్నాడు, నేనెక్కడికీ పోలేదు అన్నాడు. కుష్ఠు అతన్ని పట్టుకుంది ఆ జవాబు తర్వాతే. మీ అయ్యగారు నీ వైపు చూసి ఎప్పుడైనా "ఏరా, ఒంట్లో బాలేదా, అలా ఉన్నావేంటి" అని అడిగారా? అడిగే ఉంటారు. నువ్వు ఏం చెప్పుంటావో నాకు తెలుసు.

ఎలా తెలుసంటే నేనూ చెప్పాను కాబట్టి.

1996 నవంబర్ 6 తుఫాను, నువ్వప్పుడు చిన్నపిల్లాడివి. మా కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా విరిగి పడ్డాయో ఎవరు చెప్పినా నమ్మలేం, ఒక్క రాత్రిలో ఊళ్ళు బోసిపోయాయి. మా చర్చికి బయట ఊళ్ళ నుంచి బియ్యం, దుప్పట్లు, కొంత డబ్బు వచ్చాయి. నాకప్పుడు 24 ఏళ్ళు, చదువుకున్నవాణ్ణని పంచే లిస్టు మా పాస్టరుగారు నా చేతిలో పెట్టారు. నేను ఆరు దుప్పట్లు, 1,800 రూపాయలు పక్కన పెట్టేసుకున్నాను. మా ఇంటి కప్పు కూడా లేచిపోయింది కదా, నాకు మాత్రం హక్కు లేదా, తిరగడానికి కాళ్ళరిగిపోతున్నాయి కదా అనుకున్నా. లిస్టులో చివర ఒక విధవరాలు ఉంది, ఇద్దరు ఆడపిల్లలతో తడిసిన గోడ పక్కన ఉంటుంది. ఆవిడ వచ్చి అడిగితే "ఐపోయాయమ్మా" అన్నాను. నా వెనక గదిలోనే దుప్పట్లు ఉన్నాయి. ఆ ఐపోయాయి అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో నా గొంతుతోనే వినపడుతుంది.

ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆ ఎనిమిది నెలలూ నేను ప్రార్థనలు ఎక్కువ చేసాను, కూడికల్లో ముందు కూర్చున్నాను, కానుకల గురించి ఎవరైనా చిన్న తప్పు చేస్తే అందరికంటే గట్టిగా మాట్లాడాను. బీదల గురించి యూదా అంత బాగా ఎందుకు మాట్లాడాడో నాకు అర్థమైంది అప్పుడే. ఆఖరికి ఒక సాయంత్రం పాస్టరుగారింటికి వెళ్ళి చెప్పేసాను. ఆయన కేకలెయ్యలేదు, ప్రార్థన కూడా చెయ్యలేదు. "ఆవిడకి చెప్పావా?" అన్నారు. లేదన్నాను. సైకిల్ తీసి నన్ను వెనక ఎక్కించుకుని ఆవిడింటికి తీసుకెళ్ళారు. ఆవిడ నన్ను క్షమించాను బాబూ అంటుందనుకున్నా. అనలేదు. వీధి వీధంతా వినపడేలా తిట్టింది, ఆ చలికాలం చిన్నపిల్లకి జ్వరం ఎలా వచ్చిందో చెప్పి చెప్పి తిట్టింది. పాస్టరుగారు ఆపలేదు, పక్కనే నిలబడ్డారు, తిట్లు ఆయనకీ తగిలాయి. తిరిగి వచ్చేప్పుడు నేను ఏడుస్తున్నా కానీ ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆ రాత్రి నిద్రపోయాను. ఆ 1,800 విడతలుగా తీర్చాను. లిస్టులు, లెక్కలు మళ్ళీ చాలా ఏళ్ళు నా చేతికి ఇవ్వలేదు, ఇవ్వకపోవడమే న్యాయం.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఆ గురువారం రాత్రి యేసుని ఇద్దరు శిష్యులు గాయపరిచారు, యూదా అమ్మాడు, పేతురు ఆయన్ని ఎరగనన్నాడు. పేతురు తర్వాత ఏడ్చాడు, యూదాకి కూడా పశ్చాత్తాపం వచ్చింది, మత్తయి 27 చదువు, డబ్బు తిరిగి తెచ్చాడు, "నేను నిరపరాధరక్తమును అప్పగించి పాపము చేసితిని" అన్నాడు. ఒప్పుకోలు పూర్తిగానే ఉంది. ఐతే ఎవరి దగ్గర ఒప్పుకున్నాడు? తనని కొనుక్కున్నవాళ్ళ దగ్గర. వాళ్ళేమన్నారు? "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అన్నారు. లోకంలో ఇంతకంటే చల్లటి మాట నేను వినలేదు. అంతకుముందే నాణేలు తూచి చేతిలో పెట్టినవాళ్ళు, సంతోషించినవాళ్ళు, వాళ్ళే. అతను అక్కడినుంచి ఒంటరిగా వెళ్ళి ఉరేసుకున్నాడు. పేతురు ఐతే మిగతా శిష్యుల మధ్యకే తిరిగి వెళ్ళాడు, సిగ్గుతోనే వెళ్ళాడు, అందుకే యేసు చనిపోయి లేచాక సముద్రం ఒడ్డున కనపడినప్పుడు పేతురు అక్కడ ఉన్నాడు, ఆయన కాల్చిన చేపలు తిన్నాడు.

యూదాకి ఆ చోటు లేదా? ఉంది తమ్ముడూ. ఆ రాత్రి ఆయన యూదా కాళ్ళు కూడా కడిగాడు, యోహాను 13లో యూదా లేచి వెళ్ళింది కాళ్ళు కడిగించుకున్న తర్వాతే. ఆయన చేత్తో ముక్క ముంచి ఇచ్చాడు. తోటలో ముద్దు పెట్టాక కూడా "చెలికాడా" అనే పిలిచాడు. మిగతా పదకొండు మందికీ అనుమానం కూడా రాలేదంటే మూడేళ్ళూ ఆయన యూదాని అందరి ముందు పరువు తియ్యకుండా ఎలా కాపాడుకొచ్చాడో ఆలోచించు. అన్నీ తెలిసి. నాకైతే ఇక్కడ కళ్ళు నిండిపోతాయి, ఎన్నిసార్లు చదివినా.

ఆ స్థలం కొనాలనుకుంటున్నాయన నీకు దేవుడిలా కనపడుతుండొచ్చు ఇప్పుడు. రేపు సంతకం పడి, సంగతి బయటపడి, సంఘం పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఆయన నోటి వెంట వచ్చే మాట నీకు ముందే చెప్తున్నా, "దాంతో నాకేంటి, సంతకం పెట్టింది నువ్వే కదా, నువ్వే చూసుకో". జరగని తీర్మానం జరిగినట్టు సంతకం పెట్టడం తప్పుడు కాగితం కిందకి వస్తుంది, జైలు కేసు అది. ట్రెజరర్ ఒక్కడి సంతకంతో సంఘం స్థలం అమ్ముడుపోదని ఆయనకి తెలుసు, ఆయనకి కావల్సింది గొడవ మొదలుపెట్టడానికి ఒక కాగితం, ఆ కాగితం మీద ఇరుక్కోవడానికి ఒక మనిషి.

నీ మనసులో ఇంకో లెక్క కూడా ఉంటుంది, నువ్వు రాయలేదు కానీ నాకు అనిపిస్తోంది. ఆ 3 లక్షల్లోంచి 62 వేలు సంచిలో పెట్టేస్తే సంఘం లెక్క సరిపోతుంది, డీలర్ బాకీ తీరుతుంది, ఎవరికీ తెలియదు, దేవుడికి కూడా బాకీ లేనట్టే అని. యూదా నాణేలు దేవాలయంలో విసిరేసి పోయాక యాజకులు ఏమనుకున్నారో చూడు, "ఇవి రక్తక్రయధనము గనుక వీటిని కానుకపెట్టెలో వేయతగదు" అనుకున్నారు. ఆ చేతులకే ఆ మాట తెలిసింది! కానుక సంచిలోంచి మొదలైన డబ్బు ఆఖరికి కానుక పెట్టెలోకి వెళ్ళలేకపోయింది. దాంతో కుమ్మరివాని పొలం కొన్నారు, పరదేశుల్ని పాతిపెట్టడానికి, ఆ పొలానికి రక్తపు పొలం అని పేరు పడిపోయింది. మీ 11 సెంట్లకి ఆ పేరు పెట్టించకు.

ఏం చెయ్యాలో చెప్తా, వరసగా చెప్పడం రాదు నాకు, తోచినట్టు చెప్తా. మొదట ఆ 25 వేలు. అవి ఖర్చైపోయుంటే నీ భార్య గాజులు కుదవ పెట్టు, లేదా బండి అమ్ము, ఎలాగైనా మొత్తం ఒక్కసారే తిరిగి పంపించు, చేతికి ఇవ్వకు, ఫోన్ పేలోనే పంపించు, తీర్మానానికి సంబంధించి తీసుకున్న డబ్బు వాపసు అని రాసి పంపించు, ఆ స్క్రీన్‌షాట్ దాచుకో. ఆయన పిలిస్తే ఒంటరిగా వెళ్ళకు. బెదిరిస్తే ఆ సంగతి పెద్దలకి చెప్పు, నువ్వు దాచినంతకాలమే ఆయన చేతిలో నీ జుట్టు ఉంటుంది.

కానీ డబ్బు వాపసు చేసేసి మెల్లగా 62 వేలు కూడా సర్దేసి ఎవరికీ చెప్పకుండా ఊరుకుందాం అనుకుంటే మాత్రం వద్దు. అది ఇంకా తెలివైన దొంగతనం అవుతుంది. సామెతలు 28:13 నీకు కంఠతా వచ్చే ఉంటుంది, అతిక్రమాలు దాచిపెట్టేవాడు వర్ధిల్లడు, ఒప్పుకుని విడిచిపెట్టేవాడు కనికరం పొందుతాడు అని, రెండూ ఉన్నాయి దాంట్లో, ఒప్పుకోవడం, విడిచిపెట్టడం. అయ్యగారికి నువ్వే చెప్పాలి. ఇంకొకరి నోటి నుంచి ఆయన వింటే ఆయన గుండె రెండుసార్లు పగుల్తుంది. చెప్పేప్పుడు చెరువు, వైట్ స్పాట్, డీలర్ ఇవన్నీ ముందు పెట్టి తప్పు చివర్లో చెప్పకు. ముందు తప్పు చెప్పు, అంకె చెప్పు, 62 వేలు అని. కష్టాలు ఆయన అడిగితే చెప్పు, ఆయన అడుగుతారు.

లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, ఎవరూ అడక్కముందే, అప్పటికే యేసు ఆ ఇంట్లో అడుగుపెట్టేసాడు. ఆ వరస గమనించు. తీర్చడం వల్ల ఆయన లోపలికి రాలేదు, ఆయన లోపలికొచ్చాడు కాబట్టి తీర్చబుద్ధైంది. నువ్వు నాలుగంతలు తీర్చలేవు, నెలకి ఇంత అని కాగితం మీద రాసుకో, డబ్బు చేతికొచ్చిన రోజునే కట్టు, వనామీ మళ్ళీ వేద్దాం అన్న ఆలోచన బాకీలు తీరేదాకా పెట్టుకోకు. డీలర్ దగ్గర వాయిదాలు అడగడానికి అయ్యగారో, ఒక పెద్దో నీతో వస్తే ఆ మాటకి బరువుంటుంది.

ట్రెజరర్ పని వదిలెయ్యి. వాళ్ళు ఉండమన్నా వద్దను. సంఘ పెద్దలెవరైనా ఇది చదువుతుంటే మీకూ ఒక మాట, ఈ తమ్ముడి తప్పు ఇతనిదే, కానీ ఏడేళ్ళు ఒక్కడి చేతికి సంచి ఇచ్చి ఒక్కసారి కూడా లెక్క చూడకపోవడం నమ్మకం కాదు, బద్ధకం. పౌలు అంతటివాడు యెరూషలేము బీదలకి చందా పంపేప్పుడు తీతుతో పాటు ఇంకో సహోదరుణ్ణి సంఘాలు ఏర్పరచగా వెంట పంపించాడు, మా మీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్త పడుతున్నాం అని 2 కొరింథీ 8లో రాసాడు. యోవాషు రాజు రోజుల్లో దేవాలయంలో కానుకల పెట్టెకి బెజ్జం పెట్టి, నిండితే రాజు లేఖికుడు, ప్రధానయాజకుడు ఇద్దరూ వచ్చి లెక్కపెట్టేవారు. ఆరాధన అయ్యాక ఇద్దరు కూర్చుని లెక్కపెట్టి, ఇద్దరూ బుక్‌లో సంతకం పెట్టి, సోమవారం బ్యాంకులో వేస్తే ఎంత పని? పేద సంఘాలే కదా, డబ్బెంతుంటుంది అనుకుంటాం. మోసేవాడికి ఆ సంచి ఎంత బరువో మనకి తెలియదు. సంచి మోసేవాణ్ణి ఒంటరిగా వదలడం కూడా ప్రేమ లేకపోవడమే.

అయ్యగారు నిన్ను సంఘం ముందు నిలబెడతారేమో, కొన్నాళ్ళు బల్ల ఆపుతారేమో, పెద్దల్లో ఎవరో ఒకరు కఠినంగా మాట్లాడతారేమో. నీ పిల్లల్ని బడిలో ఎవరైనా ఏదైనా అంటారేమో. ఇవన్నీ జరగొచ్చు, జరగవని నేను అబద్ధం చెప్పను. ఊరు చిన్నది. తిట్లు తిను. పారిపోయి హైదరాబాద్ వెళ్ళిపోదాం అనిపిస్తుంది, వెళ్ళకు, ఆ పిడికెడు బియ్యం ముసలమ్మల మధ్యే ఉండు. వాళ్ళలో ఎవరో ఒకరు నీకు కాఫీ ఇస్తారు చూడు, ఎప్పుడో చెప్పలేను.

శనివారం సాయంత్రం వెళ్ళు, ఆదివారం ఆరాధన ముందు హడావిడిలో వద్దు. భార్యని తీసుకెళ్ళు. కానుకల బుక్, బ్యాంకు పాస్‌బుక్, సంచి, ఆ సంతకం పెట్టని తీర్మానం కాగితం నాలుగూ ఒక గుడ్డలో పెట్టి పట్టుకెళ్ళు. తలుపు తట్టు. అయ్యగారు "ఏరా" అంటారు. అప్పుడు ఎక్కడికీ పోలేదని అనకు.